పాత చప్టాకి కొత్త మాసిక: ఏ ఫినిషింగ్ ఎక్కడ కలుస్తుంది?

గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత డాబా ఇల్లు. గేటు దగ్గరి మీటరు నుంచి పెరటి కుళాయి దాకా నీళ్ళ పైపు మార్చడానికి ముందరి చప్టాని అడుగున్నర వెడల్పున కోసుకుంటూ పోయారు. పైపు పని అయ్యాక గాడి పూడ్చి, కాంక్రీటు వేసి, పైన సిమెంటు పాలు పోసి, తాపీతో అద్దంలా రుద్ది మేస్త్రీ వెళ్ళిపోయాడు. పనితనంలో వంక పెట్టడానికేం లేదు. నెల తిరిగాక ఆ ఇంటి మామ్మగారు నాకు ఫోన్ చేశారు. "ఉతికి ఉతికి మెత్తబడ్డ నేతచీరకి జరీ గుడ్డ మాసిక వేసినట్టుంది నాయనా, ఒకసారి వచ్చి చూడు" అన్నారు. వెళ్ళి చూస్తే ఆవిడ ఉన్నమాటే చెప్పారు. మట్టి రంగు, బూడిద రంగు కలగలిసిన గరుకు చప్టా మధ్యలో గేటు నుంచి పెరటి దాకా నున్నటి చారొకటి మెరుస్తోంది.

ఇలాంటి చిన్నా చితకా రిపేర్లు గుంటూరులో, విజయవాడలో చాలా ఏళ్ళుగా చేయిస్తున్నాను. ప్రతి ఇంట్లోనూ అడిగేది ఒకటే: "పాతదాంట్లో కలిసిపోవాలి." కలవకపోవడానికి కారణం కూడా దాదాపు ఒకటే. 1976లో చప్టా వేసిన మేస్త్రీ ఆ రోజు ఎలా రుద్ది ఉంటాడో ఇప్పటి మేస్త్రీ కూడా అలాగే రుద్దుతాడు. ఆ నునుపు ఎప్పుడో పోయింది. ఇప్పుడు కళ్ళ ముందున్నది యాభై ఏళ్ళ వాన, ఎండ, చెప్పులు, చీపుర్లు కలిసి చేసిన ఫినిషింగ్. మనం కలపాల్సింది దానితో. అందుకే "ఏ ఫినిషింగ్ మంచిదండీ?" అంటే నా దగ్గర జవాబు ఉండదు. పాతది ఎంత అరిగింది, దేనివల్ల అరిగింది అన్నది తెలిస్తే మాత్రం చెప్పగలను.

ముందు చేత్తో తడిమి చూడండి

ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడాలి. మిట్టమధ్యాహ్నం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒక చదరపు అడుగు మేర గట్టి బ్రష్షుతో నాచు, మురికి పోయేదాకా కడిగి, ఆరనిచ్చి, అరచేత్తో తడమండి.

చెయ్యి జారిపోతే పైన సిమెంటు పాల పొర ఇంకా ఉందన్నమాట. వరండా లోపల, మెట్ల పక్కన నీడపట్టున ఇలా ఉంటుంది. ఉప్పుకాగితంలా గీరుకుంటే పాల పొర పోయి ఇసుక తేలింది. వేళ్ళకి బొడిపెలు తగిలితే ఇసుక కూడా కొట్టుకుపోయి కంకర బయటపడింది. ఈ చివరిదాంట్లో మళ్ళీ రెండు రకాలున్నాయి. వాన నీళ్ళకి తేలిన రాయి చుట్టూ సందు వదిలి ఎత్తుగా నిలబడి ఉంటుంది. నడకకి తేలిన రాయి చుట్టూ ఉన్న సిమెంటుతో సమానంగా అరిగి నున్నగా మెరుస్తుంది. చూపుకి రెండూ "కంకర కనపడుతోంది" అనే లెక్కే గానీ, ఒకదానికి చేసే పని రెండోదానికి పనికిరాదు.

మామ్మగారి వాకిట్లో వచ్చిన చిక్కు ఏమిటంటే, పద్ధెనిమిది అడుగుల గాడి వీటన్నిటినీ దాటుకుంటూ పోయింది. గేటు నుంచి మెట్ల దాకా నడిచే దారి కాళ్ళ కింద అరిగి నునుపు తేలింది. సన్‌షేడు చూరు నీళ్ళు పడే చోట జానెడు వెడల్పున కంకర పళ్ళు ఇకిలించినట్టు నిలబడింది. తులసికోట చుట్టూ రోజూ కడిగి కళ్ళాపి చల్లే చోట సన్నగా ఇసుక తేలింది. అంటే ఒకే వాకిలి, మూడు ఫినిషింగులు. గాడి మొత్తం ఒకేలా చేస్తే ఎలా చేసినా ఎక్కడో ఒకచోట మాసికలా కనపడక తప్పదు. అందుకని ఆ నున్నటి చారని తీయించి, గాడిని మూడు ముక్కలుగా చేయించాను. ఎక్కడ ఏ రకం మొదలవుతుందో సుద్దముక్కతో గీసుకుని, ఫోన్‌లో ఫోటోలు తీసుకుని మరీ.

సిమెంటు కంటే ఇసుకే ముఖ్యం

రంగు కలవలేదనగానే అందరూ సిమెంటు కంపెనీ మార్చేస్తారు. పాల పొర ఉన్న చోట అది కొంత నిజం. పొర పోయిన చోట మాత్రం కంటికి కనిపించేది ఇసుక గింజ. దాని రంగే చప్టా రంగు.

మన వైపు పాత ఇళ్ళలో వాడింది ఎక్కువగా కృష్ణ ఇసుక. నీళ్ళలో దొర్లి దొర్లి కోణాలు అరిగిన గింజ, లేత గోధుమ రంగు. ఇప్పుడు చాలా చోట్ల వాడుతున్నది రోబో ఇసుక. క్రషర్లో రాయి నలగ్గొట్టి తీసింది కాబట్టి గింజ అంచులు పదునుగా ఉంటాయి, రంగు బూడిదలోకి తిరుగుతుంది. బలానికి అది ఏమాత్రం తక్కువ కాదు. కొత్త స్లాబుకి నిరభ్యంతరంగా వాడొచ్చు. కానీ పాత చప్టాలో కలపాల్సిన పైపొరకి రోబో ఇసుక వాడితే తర్వాత ఎన్ని తంటాలు పడినా కలవదు. మాసికకి కావాల్సింది నాలుగైదు తట్టలే కదా, ఆ కాస్తా ఏటి ఇసుక వెతికి తెచ్చుకోండి.

పాత ఇసుక ఎలాంటిదో ఊహించక్కర్లేదు, తీసి చూడొచ్చు. గాడి కోసినప్పుడు వచ్చిన పాత కాంక్రీటు ముక్కలు పారేయకండి. నిమ్మకాయంత ముక్కని నలగ్గొట్టి ప్లాస్టిక్ మగ్గులో వేసి, నీళ్ళు పోసి, పైన బాత్‌రూమ్ యాసిడ్ కొద్దికొద్దిగా కలపండి. ఆరుబయట, చేతికి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని చేయాలి. నీళ్ళలోకి యాసిడ్ పోయాలి తప్ప యాసిడ్‌లోకి నీళ్ళు పోయకూడదు. బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఆగేసరికి సిమెంటు కరిగిపోయి అడుగున ఇసుక మిగులుతుంది. కడిగి, ఆరబెట్టి, తెల్ల కాగితం మీద పోస్తే యాభై ఏళ్ళ కింద ఆ ఇంటికి బండిలో వచ్చిన ఇసుక మీ ముందుంటుంది. ఆ పొట్లం జేబులో వేసుకుని ఇసుక కొనడానికి వెళ్ళండి. మొదటిసారి నేను వెళ్తే డిపో కుర్రాడు వింతగా చూశాడు. ఇప్పుడు అలవాటైపోయింది.

కంకర విషయంలో ఇంకా తేలిక. పాత ముక్కల్లోంచే సుత్తితో రాళ్ళు విడగొట్టి కడిగి పెట్టుకుంటే పైన పొదగడానికి సరిపోతాయి. ఆ రోజుల్లో చేత్తో కొట్టిన కంకర ఒక రాయి పెద్దది, ఒకటి చిన్నది, రకరకాలుగా ఉండేది. ఇప్పటి క్రషర్ 20 ఎంఎం అంతా ఒకే ఈడు పిల్లల్లా ఉంటుంది. ఆ తేడా కడిగిన ఫినిషింగ్‌లో కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

చెక్క, తడి స్పాంజి: ఇసుక తేలిన చోటికి

వాకిళ్ళలో నూటికి డెబ్భై పాళ్ళు పని దీనితోనే అయిపోతుందని నా అంచనా. కాంక్రీటు పోసి, బద్దతో లెవెలు లాగి, పైకి తేలిన నీళ్ళు వాటంతట అవే ఇంకేదాకా ఆగాలి. ఆ నీళ్ళ మీద పొడి సిమెంటు చల్లి రుద్దే అలవాటు మనవాళ్ళకి బాగా ఉంది. చల్లారంటే పైన పల్చటి పొర కట్టి, సన్నటి పగుళ్ళు పట్టి, ఏడాదిలో పొడిగా లేస్తుంది. నీళ్ళు ఇంకాక చెక్కతో గుండ్రంగా రుద్ది, స్టీలు తాపీ అసలు తగలనివ్వకుండా, బాగా పిండిన స్పాంజితో పైన పాలు తుడిచేయాలి. స్పాంజి కడిగిన బకెట్ నీళ్ళు చిక్కగా మారుతున్నాయంటే పని జరుగుతున్నట్టే. ఒకసారి తుడిస్తే ఇసుక గింజ కనీకనపడకుండా ఉంటుంది, రెండుసార్లు తుడిస్తే ఉప్పుకాగితం అవుతుంది. మూడోసారి మీదకి వెళ్ళకండి, గింజలు ఊడొస్తాయి.

ఖర్చు లేదు, మిషన్ లేదు, ఒక మేస్త్రీ ఒక కూలీ ఒక పూట. లోపమల్లా దీనితో కంకర తేలదు.

ఈనెల చీపురు: ర్యాంపులకి, అదీ జాగ్రత్తగా

పాతదానికి చీపురు గీతలుంటేనే ఇది. కొబ్బరి ఈనెల చీపురు గీత లోతుగా, కొంచెం వంకరటింకరగా వస్తుంది. నైలాన్ బ్రష్షు గీత సన్నగా, దువ్వెనతో దువ్వినట్టు వస్తుంది. పాత ర్యాంపులన్నీ ఈనెల చీపురు పనే. గీత గీసిన వెంటనే గీతల అంచులు ముళ్ళలా లేచి ఉంటాయి. పాతవాటికి ఆ ముళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. కాబట్టి కొంచెం బిగిశాక తడి స్పాంజితో ఒక్కసారి పైపైన తడిమి వదిలేయండి.

చప్టా మీద దారంతో నొక్కిన గళ్ళుంటే కొత్త ముక్క మీద కూడా అదే వరసలో దారం నొక్కించండి. గీత ఆగకుండా సాగితే కన్ను గీత వెంట పోతుంది, అతుకు దగ్గర ఆగదు. అయిదు నిమిషాల పని ఇది. చెప్పకపోతే ఎవరూ చేయరు.

కడుగుడు: కంకర నిలబడ్డ చోటికి

చూరు కింద జానెడు పట్టీకి ఇదే వాడాం. మా మేస్త్రీ బాబాయ్‌కి మొదట్లో నచ్చలేదు. "వేసిన పని మనమే కడిగేసుకోడమేంటి అబ్బాయ్, ఎవరన్నా చూస్తే నవ్విపోతారు" అన్నాడు. "నవ్వితే నా పేరు చెప్పు బాబాయ్" అన్నాను.

కాంక్రీటు లెవెలు కొంచెం కిందకే ఆపి, పాత ముక్కల్లోంచి తీసిన రాళ్ళని తడిపి, పైన దగ్గరదగ్గరగా చల్లి, చెక్కతో తట్టి లోపలికి దింపాలి. రాయి పూర్తిగా మునిగి, పైన పల్చగా పాలు కప్పాలి. ఆ తర్వాతంతా సమయం మీద ఆధారం. బొటనవేలితో నొక్కితే గుంట పడకుండా వేలిముద్ర మాత్రం పడే దశలో మెత్తటి బ్రష్షుతో, సన్నటి నీటిధారతో కడగాలి. రాయి కదిలితే ఇంకా టైం ఉందని ఆగిపోవాలి. బ్రష్షుకి పాలు రాకపోతే ఆలస్యమైనట్టే. రాయిలో మూడో వంతుకి మించి బయటపెట్టకూడదు, పెడితే స్కూటర్ స్టాండుకే ఊడొస్తుంది.

విజయవాడ ఎండల్లో ఈ దశ వచ్చినట్టే వచ్చి చేజారిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇక చప్టా పైపొర ఏపాటి? మేనెలలో ఈ పని పెట్టుకోకపోతే మంచిది. తప్పనిసరైతే తెల్లవారుజామున పోసి, పైన టార్పాలిన్ నీడ కట్టించండి. కార్తీకమాసం దీనికి బంగారంలాంటి కాలం.

టైం పట్టుకోలేమని టెన్షన్ పడేవాళ్ళకి పంచదార ఉంది. పంచదార సిమెంటు గట్టిపడటాన్ని ఆపుతుంది. లీటరు నీళ్ళలో పావుకేజీ పంచదార కరిగించి, పైన నీళ్ళు ఇంకాక స్ప్రే బాటిల్‌తో పల్చగా కొట్టి, ప్లాస్టిక్ షీటు కప్పేస్తే, లోపల గట్టిపడినా పైపొర మెత్తగానే ఉంటుంది. మర్నాడు పొద్దున్నే తీరుబడిగా కడుక్కోవచ్చు. ఇందుకోసం కన్‌స్ట్రక్షన్ కెమికల్స్ షాపుల్లో దొరికే రసాయనాల వెంట పడక్కర్లేదు. పంచదార కాంక్రీటు కలిపేటప్పుడు మాత్రం లోపల పడనివ్వకండి, మొత్తం గట్టిపడకుండా చేతికొస్తుంది. ఇంకో సంగతి, పక్కనున్న పాత చప్టా మీద పడ్డ పంచదార నీళ్ళని వెంటనే కడిగేయండి. లేకపోతే చీమల బారు వంటింటి దాకా వస్తుంది, ఇల్లాలి చేత మాట పడేది మీరే.

చెక్క–స్పాంజికీ దీనికీ మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే స్పాంజి వైపే మొగ్గండి. తక్కువ తేలినదాన్ని తర్వాత ఇంకొంచెం తీయొచ్చు, ఎక్కువ కడిగినదాన్ని వెనక్కి తేలేం.

యాసిడ్: ఆఖరి దిద్దుబాటుకి మాత్రమే

గట్టిపడ్డాక పాల పొర కొంచెం తీయాలంటే యాసిడ్ పనిచేస్తుంది. రెండు మూడు వారాలు దాటాక, చప్టాని ముందు బాగా తడిపి, పది వంతుల నీళ్ళలో ఒక వంతు యాసిడ్ కలిపి, నురగ ఆగగానే పుష్కలంగా నీళ్ళు కొట్టి, వంటసోడా నీళ్ళతో కడిగి, మళ్ళీ మంచినీళ్ళు కొట్టాలి. కడ్డీ దగ్గరగా ఉన్న పల్చటి స్లాబుల మీద, సన్‌షేడుల మీద వద్దు. అందులోని క్లోరైడు లోపలికి దిగితే ఇనుము తుప్పు పడుతుంది.

దీంతో నేను చేసుకున్న నష్టం చెప్తాను. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంటి వాకిలి మాసికని యాసిడ్‌తో దిద్దాం. మాసిక బ్రహ్మాండంగా కలిసింది. వాలు చూసుకోలేదు. కడిగిన నీళ్ళు అరుగు అంచున పరిచిన మాచర్ల బండల మీద నుంచి పారాయి. మాచర్ల బండ సున్నపురాయి, యాసిడ్ తగిలితే బుస్సుమంటుంది. నల్లటి నునుపు బండల మీద తెల్లటి చారలు పడ్డాయి. పాలిష్ వాళ్ళని పిలిపించి నా చేతి డబ్బుతో రుద్దించాను. అప్పట్నుంచి యాసిడ్ ముట్టుకునే ముందు నీళ్ళు ఎటు పోతాయో ఒక బిందె పోసి చూసుకుంటాను. మీ పాత చప్టాలో పల్నాటి సున్నపురాయి చిప్స్ ఉన్నా ఇదే గతి, సిమెంటుతో పాటు రాయి కూడా తినేస్తుంది.

గ్రైండర్, ఉలి

నడకకి అరిగి నునుపు తేలిన దారికి పైన చెప్పినవేవీ పనికిరావు. కడిగితే రాయి ఎత్తుగా నిలబడుతుంది, అక్కడ కావాల్సింది సమంగా కోసిన రాయి. పదిహేను రోజులు గట్టిపడనిచ్చి, మొజాయిక్ పాలిష్ వాళ్ళు వాడే కార్బొరండం రాయితో నీళ్ళు పోస్తూ చేత్తో రుద్దించండి. చిన్న ముక్కకి మిషన్ అక్కర్లేదు. మిషన్ పెడితే తడిపే చేయాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడి చోట కరెంటు కాబట్టి షాక్ కొట్టకుండా బ్రేకర్ ఉందో లేదో చూసుకోండి. మామ్మగారి గేటు దగ్గర ఆరడుగులు ఇలాగే రుద్దించాం. పూటన్నర పట్టింది.

ఉలితో తిరగలికి కక్కు కొట్టినట్టు కొట్టడం చాలామంది మేస్త్రీలు ముందు చెప్పే మార్గం. మామ్మగారి వాకిట్లో ఇదివరకటి నున్నటి చారని కూడా "టాకీలు కొట్టేస్తే గరుకొస్తుందండీ" అన్నారట. గరుకు వస్తుంది నిజమే, కానీ విరిగిన గరుకు వస్తుంది. వాన అరగదీసిన గరుకు వేరు. ఉలి పని రాతి గోడలకి, స్తంభాలకి బాగుంటుంది తప్ప వాకిలికి నేను చేయించను.

గాడి మేరకా, గడి మొత్తమా?

డబ్బు పెట్టే ముందు దీని గురించి ఆలోచించాలి. ఎంత బాగా కలిపినా అడుగున్నర పట్టీ పట్టీలానే కనపడే ప్రమాదం ఉంది. కన్ను పట్టేది గరుకు కంటే ముందు అంచుని. పాత చప్టాలు నాలుగడుగుల గళ్ళుగా విడదీసి వేసి ఉంటే, గాడి పోయిన గడిని పూర్తిగా తీసేసి గడి మొత్తం కొత్తగా పోయండి. కాంక్రీటు ఎక్కువ పడుతుంది, పగలగొట్టే కూలీ ఎక్కువ. కానీ గడికీ గడికీ కొంచెం తేడా ఉండటం పాత చప్టాలో మామూలే కాబట్టి ఎవరూ అనుమానించరు. రెండు మూడు గళ్ళయితే నేను కచ్చితంగా ఇదే చెప్తాను. గళ్ళు లేకుండా ఏకంగా వేసిన చప్టా అయితే గాడి మేరకే చేయక తప్పదు.

ఎలా చేసినా అంచుని కటింగ్ మెషీన్‌తో అంగుళం లోతన్నా నిటారుగా కోయించండి. పాతదాని మీదకి పల్చగా జార్చి కలిపేద్దామంటే ఆ పల్చటి అంచు మొదటి వేసవిలోనే పెంకులా లేస్తుంది. కోసిన అంచుని కడిగి, ముందురోజు రాత్రి నుంచి తడిపి, పైన నీళ్ళు నిలవకుండా చూసి, సిమెంటు పాలు పూసి, అవి ఆరకముందే కాంక్రీటు పోయాలి.

మాల్ మరీ బలంగా కలపొద్దు. పాత పని చాలావరకు 1:2:4, అంటే సిమెంటు ఒక వంతు, ఇసుక రెండు, కంకర నాలుగు. ఇప్పటి ఎం20 రకం కాంక్రీటు పాళ్ళు 1:1½:3, వాకిలికి అది చాలు. బాగా బలమైన 53 గ్రేడ్ సిమెంటు ప్రమాణమే 1987లో వచ్చింది. 1976 నాటి చప్టా పక్కన 53 గ్రేడ్ బస్తాలు ధారాళంగా పోస్తే కొత్తది ఎక్కువ కుంచించుకుని అంచు వదిలేస్తుంది. పైగా పాతది అరుగుతూ పోతుంటే ఇది అరగదు, పదేళ్ళకి మాసిక గట్టులా లేచి కనపడుతుంది.

రంగు: తొందరపడితే మోసపోతారు

కొత్త కాంక్రీటు తడిగా ఉన్నప్పుడు ముదురుగా ఉండి, ఆరేకొద్దీ వారాల తరబడి లేతబడుతుంది. నెల తిరక్కముందే "కలవలేదు" అని తీర్పు చెప్పకండి. థర్మల్ బూడిద కలిసిన పీపీసీ సిమెంటు బస్తాల్లో రంగు బస్తాకీ బస్తాకీ కొంచెం తేడా ఉండొచ్చు. అందులో బూడిద 15 నుంచి 35 శాతం దాకా ఉంటుంది. మాసిక మొత్తానికి ఒకే బ్యాచ్ బస్తాలు వాడండి. అది నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి మన ఎండలకి పద్నాలుగు రోజులు తడపాలి. కప్పే గోనెసంచులు కొత్తవైతే ముందు ఉతకండి, లేకపోతే వాటి రంగు దిగుతుంది. ప్లాస్టిక్ షీటు ముడతలు పడ్డ చోట మచ్చలు వస్తాయి. ఒక్క రాత్రికైతే ఫరవాలేదు గానీ తర్వాత తడపడానికి దాన్ని నమ్ముకోకండి.

అసలు పనికి ముందే అదే ఇసుక, అదే సిమెంటుతో అడుగు చదరం నమూనా పలకలు మూడు పోసి, ఒక్కోదాన్ని ఒక్కో రకంగా తుడిచి, నెల ఆరాక పాత చప్టా మీద పెట్టి చూడాలి. నెల ఆగే ఓపిక ఎవరికీ లేదని నాకు తెలుసు. అయినా పైపు పని డేటు ఖాయమైన రోజే పలకలు పోస్తే ఆ నెల దానంతట అదే గడిచిపోతుంది.

మట్టి రంగు ఇంకా తక్కువైతే అన్నభేది ఉంది. బత్తాయి, నిమ్మ తోటల్లో ఆకు పసుపెక్కితే కొట్టేది, ఎరువుల కొట్లో దొరుకుతుంది. అది ఇనుప ఉప్పు. నీళ్ళలో పల్చగా కలిపి కాంక్రీటు మీద పూస్తే మొదట లేత ఆకుపచ్చగా ఉండి, తర్వాత తుప్పు పసుపులోకి తిరుగుతుంది. చాలా పల్చగా మొదలుపెట్టి, పలక మీద చూసుకుని, చాలకపోతే మళ్ళీ పూయండి. ఒకేసారి చిక్కగా పూస్తే తుప్పు నీళ్ళు కారినట్టుంటుంది, ఇక పోదు. నల్ల ఆక్సైడు చిటికెడు కలపడం కూడా చేస్తారు గానీ నాకు పెద్దగా కలిసిరాలేదు. చీకటి నీడలా ఉంటుంది, పాతదనంలా ఉండదు. రెండు వానాకాలాలు ఆగగలిగితే ఇవేవీ అక్కర్లేదు.

గోడలూ సన్‌షేడులూ

సన్‌షేడు అంచు విరిగి మళ్ళీ పోసేటప్పుడు చూడాల్సింది సెంట్రింగ్, అంటే కాంక్రీటు పోసే అచ్చు. పాతవి చెక్క పలకల మీద పోసినవి. దగ్గరగా చూస్తే చెక్క పోగులు, పలకల మధ్య సన్నటి గట్లు కనిపిస్తాయి. ఇప్పుడు ప్లైవుడ్ మీద పోస్తే గాజులా వస్తుంది. అడుగున రంపంతో కోసిన పలకలు పరిచి, ముందు వైర్ బ్రష్షుతో గీకి పోగు లేపి, నీళ్ళతో నానబెట్టి పోయిస్తే కలుస్తుంది. ఎలాగూ సున్నమో రంగో వేస్తారనుకుంటే ఈ శ్రమ వద్దు, పలకల మధ్య గట్లు మాత్రం వరసలో వచ్చేలా చూస్తే చాలు.

కలపడం మానుకోవాల్సిన సందర్భాలు

చప్టాని కర్రతో తడితే సగం చోట్ల గుల్ల పలుకుతోందా? వాలు తిరగబడి నీళ్ళు గోడవైపు వస్తున్నాయా? 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్ వైపు చూసిన కొన్ని వాకిళ్ళలో చప్టా బాగానే ఉన్నా కింద మట్టి దిగిపోయింది. అలాంటివాటికి మాసిక దండగ, మొత్తం తీసి వేసుకోండి. పాత చప్టా మీద అరంగుళం పూత పూసి అంతా ఒకే రంగు చేస్తామని వచ్చేవాళ్ళుంటారు. అడుగున గుల్ల ఉంటే ఆ పూత కూడా దాంతోపాటే లేస్తుంది. కొందరు కలపడం ఎందుకని గాడి పొడవునా మాచర్ల బండలు పరిచేసి అదొక దారిలా చేసేస్తారు. పైపు మళ్ళీ తవ్వాల్సి వచ్చినా బండ లేపితే చాలు. కలవని మాసిక కంటే అది నూరుపాళ్ళు నయం. మామ్మగారికి అది కూడా చెప్పాను. "బండల మధ్య సందుల్లో ముగ్గు గీత తెగుతుంది నాయనా" అన్నారు. దాంతో ఆ మాట అక్కడితో ఆగింది.

పని అయిన అయిదు వారాలకి మళ్ళీ వెళ్ళాను. గేటు దగ్గర రుద్దిన ముక్క కలిసింది. చూరు కింద పట్టీలో రాళ్ళు పాతవే కాబట్టి అసలు తెలియడం లేదు. తులసికోట దగ్గర స్పాంజి ముక్క మాత్రం ఒక పిసరు తెల్లగా ఉంది. అన్నభేది పూద్దామా అని అడుగుతుండగానే మామ్మగారు లోపలికెళ్ళి ముగ్గు డబ్బా తెచ్చి, కోట ముందు వంగి, పాత చప్టా మీద మొదలుపెట్టిన మెలికని కొత్త ముక్క మీదుగా అవతలి వైపుకి లాగారు. గీత ఎక్కడా చెదరలేదు. "రంగు వానలకి అదే వస్తుందిలే. నువ్వు కాఫీ తాగి వెళ్ళు" అన్నారు.